ఆంధ్రనామ మెవరి సొత్తు?

మన మూడు పట్టణములలో నొకదాని పఠనమందిరమున గడచిన మాసమున నొక తీర్మానము ప్రవేశపెట్టబడినది. పేరులో 'ఆంధ్ర' యను మాటగల పుస్తకముల నన్నింటిని ఇప్పుడున్న బీరువాలనుండి తీసి, 'ఇతర రాష్ట్రములు' అని చీటి యంటించిన వేఱొక బీరువాలో నుంచవలెనని దాని సారాంశము. గ్రంథాలయాధికారి నిదానస్థుడు. వెంటనే పుస్తకములు మోయింపక మొదట నొక పట్టిక వ్రాసికొనెను. పట్టికలో మొదటికెక్కిన పేరు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. గ్రంథకర్త సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 1952లో ఆయనను హైదరాబాదు శాసనసభకు పంపినది వనపర్తి. 1949లో వెలువడిన ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తెలుగు గ్రంథమున కా బహుమానము వచ్చుట యదే మొదలు. మన సీమలో పెరిగి మన సీమవారిచేత నెన్నుకొనబడినవాడు వ్రాసిన పుస్తకము 'ఇతర రాష్ట్రము' పాలగునా యని గ్రంథాలయాధికారి కార్యవర్గమును వ్రాతమూలముగా నడిగెను. కార్యవర్గ మింకను బదులు చెప్పలేదు. చెప్పదగిన బదులేదో విచారించుటయే నేటి మా పని.

తీర్మానమును తెచ్చిన యువకుని మేమెఱుగుదుము. 2011లో సకలజనుల సమ్మెనాడు వకీలులు వేసిన దీక్షాశిబిరమున విద్యార్థిగా వచ్చి మా ప్రక్కన చాపపై కూర్చున్నవాడు. అతని కోపమును ఎగతాళి చేయుట మాకు తగదు. ఆనాడు 'ఆంధ్ర' యను మాటను మేమును నినాదములలో గొంతెత్తి పలికినవారమే. ఆ మాటకు ఆనాడు మా నోట నున్న యర్థ మేమి? 1956 మొదలు నడచిన పరిపాలన, ఆ పరిపాలనలో మనకు రాని యుద్యోగములు, మన పొలముల ప్రక్కగా పాఱియు మన పొలముల కెక్కని కృష్ణాజలములు, మూట గట్టుకొని ముంబయికి పోయిన పాలమూరు కూలీలు. ఇదంతయు ఆ యొక్క మాటలో నిమిడి యుండెను. ఆ యర్థము కల్పితము కాదు, అనుభవమునుండి పుట్టినది. అయితే దాని వయస్సు డెబ్బది యేండ్లు. ఆ శబ్దము వయస్సో, రెండువేల యైదువందల యేండ్లకు తక్కువ కాదు.

మా వృత్తిలో నొక మోటసూత్రము కలదు. దస్తావేజులోని మాటకు ఆ దస్తావేజు వ్రాసిన నాటి యర్థమునే గ్రహింపవలెను. నూఱేండ్లనాటి క్రయపత్రములో 'తాలూకా' యని యున్నచో దానిని నేటి మండలముగా చదివి హద్దులు గీచినవాడు వ్యాజ్యమును పోగొట్టుకొనును. గ్రంథముల పేరులకును ఈ సూత్రమే వర్తించును. కనుక ఈ మాట ఏ కాలమున ఏ యర్థమున వాడబడినదో మొదటినుండి చూతము.

మనకు దొరకు మొట్టమొదటి సాక్ష్యము ఐతరేయబ్రాహ్మణము. హరిశ్చంద్రుని కుమారునికి బదులుగా యజ్ఞపశువగుటకు నూఱు గోవులకు తండ్రిచేత అమ్మబడిన శునశ్శేపుని కథ పాఠకు లెఱిగినదే. బ్రదికి బయటపడిన యా బాలుని విశ్వామిత్రుడు తన జ్యేష్ఠపుత్రునిగా స్వీకరించెను. నూటొక్క కొడుకులలో పెద్దలైన యేబదిమంది దీనికి సమ్మతింపలేదు. తండ్రి వారిని శపించెను. ఆ శాపమున వారి సంతతి సరిహద్దుల కావలి జనులైరట. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని అచ్చట పేరులు చెప్పబడినవి. వకీళ్ళ కిందులో నొక వినోదము కలదు: మన పేరు లోకమున మొదటిసారి వినబడినది జ్యేష్ఠభాగపు తగవులో, అందును ఓడిపోయిన పక్షమున. కథ కథయే. ఆర్యావర్తపు బ్రాహ్మణులు తమ యెల్లల కావల నున్న జాతులను తమ వంశవృక్షమున నొక శాఖగా ఎట్లో ఇముడ్చుకొనుటకు కల్పించుకొన్న సమాధానమది. దానినుండి మనకు దక్కు నిజ మొక్కటే. ఆ కాలమునకే ఆంధ్రులను జనము కలరు. వారు శబరపుళిందుల సరసన లెక్కింపబడిరి.

ఈ సరసను గూర్చి మన చరిత్రోపన్యాసకులు సాధారణముగా మాటలాడరు. మనుస్మృతి ఆంధ్రులను సంకరజాతులలో చేర్చి, ఊరి వెలుపల నివసించి అడవిమృగములను వేటాడుట వారి వృత్తి యని చెప్పినది. భక్తులు నిత్యము పారాయణము చేయు విష్ణుసహస్రనామములలో, కంసుని మల్లుడైన చాణూరుని ఆంధ్రుడని పేర్కొని, అతనిని చంపినవాడని కృష్ణుని స్తుతించిన నామ మొకటి కలదు. ఇవి మనకు గిట్టని మాటలు. కాని గిట్టనివి దాచి గిట్టినవే చదివిన యెడల అది చరిత్ర కాదు, పెండ్లిసంబంధమునకు వ్రాయించుకొన్న వంశావళి యగును. మేమైతే ఈ మాటలలో సిగ్గుపడదగిన దేదియు చూడజాలము. నాగర్‌కర్నూలు జిల్లాలో అమరాబాదు కొండలపై నేటికిని చెంచువారున్నారు. వారు పలుకునది తెలుగు. శ్రీశైలమల్లికార్జునుని తమ యల్లుడని చెప్పుకొందురు. పురాతన గ్రంథము ఆంధ్రుని ఎవరి ప్రక్క నిలిపినదో వారికి దగ్గఱివారు మన జిల్లాలోనే యుండగా, శాతవాహనుల కిరీటము మాత్రము మనదని, అడవి మాత్రము మనది కాదని యనుట యెట్లు?

పిమ్మట అశోకుడు. ఆయన పదుమూడవ శిలాశాసనమున, కళింగయుద్ధపు పశ్చాత్తాపమును చెప్పిన తరువాత, తన రాజ్యమున ధర్మము ననుసరించుచున్న జనులను లెక్కించుచు ఆంధ్రులను పుళిందులను జంటగా పేర్కొనెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దము మాట ఇది. ఐతరేయములో మొదలైన యా పొత్తు ఇచ్చటను వదలలేదు. తుంగభద్రకు దక్షిణమున, కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో అశోకుని పదునాలుగు శాసనములును బండలపై చెక్కబడి యున్నవి. గద్వాలకు పడమట, రాయచూరు జిల్లా మస్కిలో 1915లో దొరకిన శాసనమున అశోకుని పేరే స్పష్టముగా కనబడినది. కావున మన సీమ ఆ చక్రవర్తి శాసనముల నడుమనే యుండినదని చెప్పవచ్చును. రోమకుడైన ప్లీనీ క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వ్రాసిన గ్రంథమున ఆంధ్రులకు ప్రాకారములుగల నగరములు 30, కాల్బలము లక్ష, గుఱ్ఱములు 2,000, ఏనుగులు 1,000 కలవని చెప్పెను. ఊరి వెలుపలి వేటగాండ్రకు ముప్పది కోట లెట్లు వచ్చినవో మనువునే యడుగవలెను.

ఇంతవరకు ఆంధ్ర మనునది ఒక జనము పేరు. దేశము పేరు కాదు, భాష పేరు అసలే కాదు.

ఇక శాతవాహనులు. మన విద్యార్థులు బడిలో నేర్చినదేమనగా, ఆంధ్రులనగా శాతవాహనులు, శాతవాహనులనగా ఆంధ్రులు. పురాణములు ఆ రాజులను ఆంధ్రులనియు ఆంధ్రభృత్యులనియు చెప్పిన మాట నిజము. కాని ఆ రాజులు తమ శాసనములలో తమ్మెన్నడు ఆంధ్రులమని చెప్పుకొనలేదు. శాతవాహనకులమని మాత్రమే చెప్పుకొనిరి. నాసికలో గౌతమి బాలశ్రీ చెక్కించిన శాసనమున ఆమె కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణి యేలిన దేశముల పట్టిక కలదు. అశ్మకము, మూలకము, సురాష్ట్రము, అపరాంతము, విదర్భ మున్నగు పేరులు అందున్నవి. ఆంధ్ర మను పేరు లేదు. వారి తొలినెల వెక్కడ యని పండితులు నూఱేండ్లుగా వాదించుచున్నారు. బళ్ళారిసీమలో 'శాతవాహనిహార' మను ప్రాంతము పేరు శాసనములలో కనబడుటచే వారచ్చటివారని కొందఱు, మహారాష్ట్రమని కొందఱు, కరీంనగరము వైపున కోటిలింగాలలో ఆ వంశపు తొలిరాజుల నాణెములు దొరకుటచే తెలంగాణమని కొందఱు. ఈ వాదమున తీర్పు చెప్పు ఉద్దేశము మాకు లేదు. పురాణము వాడిన పేరును ఆ రాజులు తాము వాడకపోవుట గమనింపదగినదని మాత్రము చెప్పి ముందునకు పోవుదుము.

జనము పేరు నేలకెక్కిన సాక్ష్యము నాలుగవ శతాబ్దప్రాంతమున దొరకుచున్నది. పల్లవ యువరాజు శివస్కందవర్మ ప్రాకృతమున వ్రాయించిన మయిదవోలు తామ్రశాసనమున, ధాన్యకటకమునందలి యధికారి కాజ్ఞ యిచ్చుచు, ఆంధ్రపథములోని యొక గ్రామమును దానము చేసినట్లున్నది. అనగా కృష్ణాతీరమున ఆంధ్రపథమను సీమ యొకటి యప్పటి కేర్పడినది. ఏడవ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు వేంగి రాజధానిగాగల దేశమును ఆంధ్రమని, ధాన్యకటకమును వేఱొక దేశమని వ్రాసెను. మూడువందల యేండ్లక్రిందట ధాన్యకటకముతో చేరియున్న పేరు ఇతని కాలమునకు వేంగికి పోయినది! ఇట్లు ఈ నామము ఏటినీటివలె ఒకప్పుడు వ్యాపించుచు, ఒకప్పుడు సన్నగిల్లుచు, గట్టు మార్చుచు వచ్చినది. ఏ కాలమునను దానికి కచేరీలో పాతిన సరిహద్దురాయి లేదు.

కాకతీయుల కాలమునుండి వృత్తాంతము మఱింత చమత్కారముగా నున్నది. ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను మూడు లింగముల నడిమి దేశమును త్రిలింగమనెను. వీనిలో శ్రీశైలమునకు పడమటి వాకిలి మన యలంపురము; ఉత్తరపు వాకిలి అచ్చంపేటకు చేరువనున్న ఉమామహేశ్వరము. నాలుగు ద్వారములలో రెండు నేటి మన జిల్లాలలోనివే. 1323లో ఓరుగల్లు ఢిల్లీవారి వశమైన పిదప స్వాతంత్ర్యమును నిలిపిన ముసునూరి నాయకులలో మొదటివాడు ప్రోలయనాయకుడు. ఆయన గోదావరీతీరపు కోనమండలమున విలసగ్రామమును దానము చేసిన శాసనమున, మహారాష్ట్రకళింగములకు నడుమ, పాండ్యకాన్యకుబ్జములకు నడుమ నున్న మన దేశము పేరు 'తిలింగ' మని చెప్పబడినది. ఆయన పినతండ్రి కొడుకు కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచి, అచ్చట కూర్చుండి, ఆంధ్రదేశాధీశ్వరుడనియు ఆంధ్రసురత్రాణుడనియు బిరుదులు వహించెను.

పాఠకులు దీనిని మఱియొకసారి చదువవలెనని కోరుచున్నాము. సముద్రతీరపు కోనసీమ శాసనము మన దేశమును తెలుంగు నేలయనుచున్నది. ఓరుగల్లు కోటలోని రాజు తన్ను ఆంధ్రసురత్రాణుడ ననుచున్నాడు. నేటి లెక్క ప్రకారము ఈ రెండు శాసనములను రెండు బీరువాలలో సర్దవలసివచ్చినచో ఏది యెచ్చట పెట్టవలెనో మా గ్రంథాలయాధికారికే కాదు, ఎవరికిని తెలియదు.

తెలంగాణ మను పేరును క్రొత్తది కాదు. 1417నాటి తెల్లాపురము శాసనమున 'తెలుంగణపురము' అని యున్నది. పారసీక చరిత్రకారులు తిలంగ మనియు తెలింగాణ మనియు వ్రాసిరి. కాబట్టి తెలంగాణ మనునది మొన్న ఎవరో కనిపెట్టిన పేరని పలుకువారును తప్పుచేయుచున్నారు. ఒకే జనమునకు, ఒకే నేలకు సంస్కృతమున నొక పేరు, ఇంటిభాషలో నొక పేరు, పారసీకమున నొక పేరు వాడుకలో నుండెను. పండితుడు ఆంధ్రమనెను, రైతు తెలుగనెను, సుల్తాను మునిషీ తెలంగాణ మనెను. అంతియే భేదము.

భాషపేరుగా ఆంధ్ర మెట్లు స్థిరపడినదో తెలిసికొనుటకు మనము రాజమహేంద్రవరమువఱకు పోనక్కఱలేదు, కొల్లాపురము చాలును. 'ఆంధ్రశబ్దచింతామణి' యను వ్యాకరణమును నన్నయ వ్రాసెనని ప్రతీతి. ఆ కర్తృత్వమును గూర్చి వివాదము కలదు. కాని దానికి తెలుగుటీక వ్రాసి లోకమున వ్యాప్తికి తెచ్చినవాడు 17వ శతాబ్దపు ఎలకూచి బాలసరస్వతి. జటప్రోలు సంస్థానాధిపతులైన సురభివారి యాశ్రయమున నుండి భర్తృహరి సుభాషితములను తెలిగించినవాడును ఈయనయే. జటప్రోలును, తరువాత ఆ సంస్థానమునకు రాజధానియైన కొల్లాపురమును నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోనివి. ఆంధ్రమను పేరుగల వ్యాకరణమును చదువదగినదిగా చేసినవాడు కృష్ణకు ఈ యొడ్డుననున్న సంస్థానపు పండితుడు! విద్వద్గద్వాల యని పేరొందిన గద్వాలలోను, వనపర్తిలోను పండితులు సంస్కృతమునుండి చేసిన యనువాదమును ఏమనెడివారు? ఆంధ్రీకరణ మనెడివారు. ఆ మాటలో బెజవాడయు లేదు, గుంటూరును లేదు. తెలుగు చేయుట యనియే దాని యర్థము.

పేరులు ఇట్లు తిరుగుట మనకే విశేషమైనది కాదు. ఫ్రాంకులనువారు జర్మను తెగవారు. నేడు వారి పేరు మోయుచున్నది జర్మనీతో మాటిమాటికి యుద్ధము చేసిన ఫ్రాన్సుదేశము. ఆంగ్లులును జర్మనీ యుత్తరతీరమునుండి దీవికి పోయినవారే. ఫ్రాన్సువాడు జర్మనీ పుస్తకశాలకు పోయి ఫ్రాంకుల చరిత్రయంతయు మాకే యీయుడని యడిగినట్లు వినలేదు.

ఇక నిన్నటి కాలము. ఇరువదవ శతాబ్దమున ఈ ప్రాతపేరును దుమ్ము దులిపి ప్రజల నోటికెక్కించినవారెవరు? విజ్ఞానచంద్రికా మండలి 1906లో పుట్టినది హైదరాబాదున. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగమును 1910లో ప్రకటించినది ఆ మండలియే. బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ జరిగినది 1913లో. అంతకు పండ్రెండేండ్లు ముందుగనే, 1901లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణమున జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు అల్లరిచేసి కూర్చుండబెట్టిరి. ఇతర భాషలకు దక్కిన మర్యాద తెలుగునకు దక్కలేదు. ఆ యవమానమునుండి పుట్టిన సంఘమునకు మన పెద్దలు పెట్టుకొన్న పేరు ఆంధ్రజనసంఘము. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షుడు సురవరము ప్రతాపరెడ్డిగారే. మాడపాటి హనుమంతరావుగారు ఆ యుద్యమచరిత్రను వ్రాసి 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అని పేరిడిరి. రెండు మాటలును ఒకే యట్టపై నున్నవి. నేటి తీర్మానము నమలుపఱచినచో ఆ పుస్తకమును నిలువున రెండుగా చీల్చవలసి యుండును.

ఆ పెద్దలకు ఆ పేరు ఎవరో అంటగట్టినది కాదు. ఉరుదూ రాజభాషగానున్న రాజ్యమున, తెలుగు మాటలాడినంతమాత్రమున చులుకనయైన కాలమున, తమకును ఒక ప్రాచీనమైన గౌరవమైన పేరు కలదని చెప్పుటకు వారు దానిని తామే యెన్నుకొనిరి. 1926లో 'గోలకొండ' పత్రికను స్థాపించిన ప్రతాపరెడ్డిగారు ఆంధ్రాభిమానమును ఏ మాత్రమును దాచినవారు కారు. అట్లని మనవారికి జరిగిన తిరస్కారమును సహించినవారును కారు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని యొక రనగా, ఆయన 1934లో 354 మంది కవుల వివరములతో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. ఇందలి మర్మమును మన యువకులు గ్రహింపవలెను. 'మీరు మమ్ము లెక్కింపలేదు గనుక మీ పేరు మాకు వలదు' అని ఆయన యనలేదు. ఆ పేరులో మా భాగ మింతయని లెక్క చూపెను. భాగస్థుడు దావాలో వాటా నడుగునే కాని, వాటా విడిచి పత్రము వ్రాసి యీయడు.

గద్వాలవారికి ఈ సంగతి మఱింత సులభముగా బోధపడవలెను. 1956వఱకు గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలో నుండెను. జిల్లా కచేరి యున్నచోట కన్నడము, పై కచేరీలలో ఉరుదూ, ఇంట తెలుగు. ఆ దినములలో గద్వాల పౌరుడొకడు తాను ఆంధ్రుడనని చెప్పినచో, కోస్తాజిల్లాలవాడనని చెప్పుచున్నాడని ఎవరును అనుకొనియుండరు. తెలుగువాడనని చెప్పుచున్నాడని రాయచూరులో అందఱికిని తెలియును.

అర్థము ఎక్కడ మాఱినది? 1953 అక్టోబరు 1న మదరాసునుండి విడివడిన పదునొకండు జిల్లాలకు 'ఆంధ్ర' మను పేరు చట్టముచేత వచ్చినది. అంతవఱకు జనమునకు, భాషకు చెందిన పేరు ఆనాడొక ప్రభుత్వమునకు ముద్రయైనది. 1956లో హైదరాబాదు రాష్ట్రపు తెలుగుజిల్లాలు దానితో కలియునపుడు బిల్లులో మొదట వ్రాసిన పేరు 'ఆంధ్ర-తెలంగాణ'. మనవారు దానినే కోరిరి. తుదకు చట్టమున నిలిచినది 'ఆంధ్రప్రదేశ్'. ఈ చిన్న గీతను తుడిచివేయుట ఆనాడు పెద్దమనుష్యుల కల్పవిషయముగా తోచియుండవచ్చును. మా యభిప్రాయమున, ఆంధ్రశబ్దమునకు తెలంగాణములో జరిగిన నష్టమునకు నాంది యదియే. రెండు పేరులును ఉండినచో ఎవరి పేరు వారికి మిగిలి, ఉభయులకు చెందినది ఉభయులదిగా నుండెడిది. ఒక పేరు మఱియొక పేరును మ్రింగిన వెనుక, మ్రింగిన పేరుమీదనే జనులకు విరోధము కలిగినది. 1969లో ఆ విరోధము వీథులకెక్కినది. 2011 మార్చి 10న హైదరాబాదు టాంకుబండుపై కొందఱు కవుల, మహనీయుల విగ్రహములు కూలినవి. ఆనాటి కోపమునకు కారణములు మే మెఱుగుదుము. విగ్రహముల నష్టమును మాత్రము మేమానాడును సమర్థింపలేదు, నేడును సమర్థింపము.

2014 జూన్ 2న మన రాష్ట్రము మనకు వచ్చినది. 1943లో నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తుగా పుట్టిన సంస్థ నేడు తెలంగాణ సారస్వత పరిషత్తు. అది సముచితమే, బ్రదికియున్న సంస్థ తన పేరును తాను మార్చుకొనవచ్చును. చనిపోయిన గ్రంథకర్త తన పుస్తకపు పేరును మార్చుకొనజాలడు, ఆయన తరఫున మార్చుట కెవరికిని వకాలతు లేదు. 2025లో మన శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుచు చట్టము చేసినది. ఒక వంక రాజధానిలో విశ్వవిద్యాలయపు ముఖద్వారముమీద ఆయన పేరు. మఱియొక వంక ఆయన పుట్టిన సీమలోని పఠనమందిరమున ఆయన గ్రంథము పరరాష్ట్రపు బీరువాలో. ఈ రెండును ఏకకాలమున నడచినచో చూచువా రేమనుకొందురు?

ఎదుటి పక్షపు పొరపాటును చెప్పకుండుట న్యాయము కాదు. ఐతరేయమునుండి నేటివఱకు మన మందఱ మాంధ్రులమే గనుక రాష్ట్ర మొక్కటిగనే యుండవలసినదని వాదించువారు నేటికిని కలరు. వారి వాదము మా యువకుని తీర్మానమునకు కవలసోదరుడు. ఇతడు నేటి పటమును తీసికొనిపోయి ప్రాత పుస్తకములపై పఱచుచున్నాడు. వారు ప్రాత పుస్తకమును తెచ్చి నేటి పటముపై పఱచుచున్నారు. శునశ్శేపుని కథలో జిల్లాలు లేవు. అశోకుని శాసనమున శాసనసభ లేదు. ఒకే భాష పలుకువారు రెండు ప్రభుత్వములక్రింద నుండుట జర్మనులు, ఆస్ట్రియనులు నడుపుచున్న వ్యవహారమే. మన తూర్పున వంగభాష రెండు దేశములలో వర్ధిల్లుచున్నది. నామైక్యమునుండి ప్రభుత్వైక్యమును సాధించు తర్కము ఏ న్యాయస్థానమునను నిలువదు. ప్రత్యేకరాష్ట్రము కొఱకు దీక్షలో కూర్చున్నందులకు మాకు పశ్చాత్తాపము లేదు. ఆ దీక్షకు ఈ ప్రాతపేరును త్యజింపవలసిన యగత్యమును లేదు.

వచ్చు ఆదివారము పఠనమందిరపు కార్యవర్గము కూడుచున్నది. సభ్యులలో నీ సంపాదకుడును ఒకడు. తీర్మానమునకు వ్యతిరేకముగా వోటు వేసి, దానికి బదులుగా నొక సవరణను ప్రతిపాదింపనున్నాము: పుస్తకములు పేరులోని మాటనుబట్టి కాక విషయమునుబట్టి సర్దబడవలెను; తెలుగువారి చరిత్రకు సంబంధించినవి ఏ పేరున నున్నను ఒకే బీరువాలో నుండవలెను; 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు అట్ట యూడి చివరి పుటలు జాఱిపోయినవి గనుక క్రొత్తప్రతులు రెండు కొనవలెను. ఒకటి బీరువాకు. రెండవదానిని తీర్మానము తెచ్చిన యువకునికి ఇంటికి తీసికొనిపోయి చదువుటకై ఒక మాసము గడువుతో ఇప్పింతుము. గడువు మీఱినచో జరిమానా మామూలే.